ప్లేటు మీద కొత్త కాలనీ కనిపిస్తే: సాగు గుల్లల బ్యాక్టీరియాపై మీ ప్రశ్నలు, మా జవాబులు

స్పెయిన్‌లో సాగు చేసే సముద్రపు గుల్లల నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా విబ్రియో అనే బ్యాక్టీరియా ప్రజాతికి చెందిన కొత్త జాతులు బయటపడిన సంగతి గత సంచికలో చిన్న వార్తగా వేశాం. దానిమీద వచ్చిన ఉత్తరాల్లో సగం విద్యార్థులవి, మిగతా సగం ఆక్వా ల్యాబుల నుంచి వచ్చినవి. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: ఒకే తీరంలో అన్ని కొత్త జాతులు ఎలా దొరికాయి? అంతకుముందు లేవా, ఎవరూ చూడలేదా?
(జీవశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం)

ఉన్నాయి. కాకపోతే వేరే జాతి పేరు మీద ఉన్నాయి.

గలీసియా అనేది స్పెయిన్ వాయవ్య మూల. అక్కడ సముద్రం పాయలు పాయలుగా నేలలోకి చొచ్చుకొస్తుంది. ఆ పాయల్ని రియాలంటారు. లోతున్న చోట తెప్పలకు తాళ్లు వేలాడదీసి మసెల్స్ అనే మరో రకం గుల్లలు పెంచుతారు. పాటు వేళ బయటపడే ఇసుక మేటల్లో పిల్ల గుల్లలు చల్లి పెంచుతారు. ఇసుక మేటల సాగులో ముఖ్యమైనవి రెండు రకాలు: ఆ తీరానిదే అయిన రుడిటేప్స్ డెకుస్సాటస్, ఆసియా నుంచి వెళ్లిన మనీలా గుల్ల రుడిటేప్స్ ఫిలిప్పినారమ్. గుల్లకు తిండి నీటిని వడగడితేనే దొరుకుతుంది. నీళ్లలో ఉన్న బ్యాక్టీరియా కూడా దాని మొప్పల మీదుగా పోవాల్సిందే. కొన్ని అరిగిపోతాయి, కొన్ని వచ్చిన దారినే వెళ్లిపోతాయి, కొన్ని అక్కడే కాపురం పెడతాయి.

శాంటియాగో డి కంపోస్టెలా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ గుల్లల్లోని విబ్రియోలను వరసగా తీసి పోల్చుకుంటూ పోయారు. 2009లో విబ్రియో బ్రియోగానీ, గల్లేసికస్, 2010లో సెల్టికస్, 2011లో అట్లాంటికస్, అర్టాబ్రోరమ్ అలా వచ్చినవే. పాత పద్ధతిలో పది పదిహేను రసాయన పరీక్షలు పెట్టి పట్టికలో వెతికితే సెల్టికస్ లాంటివాటిని ముందే తెలిసిన జాతి పేరుతో 'స్ప్లెండిడస్' అనో, 'స్ప్లెండిడస్ లాంటిది' అనో రాసి డబ్బా మూసేసేవాళ్లు. ఆ 'లాంటిది' అన్న మాట వెనక ఎన్ని జాతులున్నాయో డీఎన్ఏ పోలికలు వచ్చాకే తెలిసింది.

ఇదంతా పేర్ల సరదా అనుకోకండి. 1987లో ఫ్రాన్స్ బ్రిటనీ తీరంలోని లాండెడాలో మనీలా గుల్లలకు జబ్బు సోకింది. గుల్ల తెరిచి చూస్తే చిప్ప లోపలివైపు, అంచుకు కాస్త ఎడంగా, గోధుమరంగు పట్టీ. చిప్పను కట్టే పొరలో దెబ్బ తగిలిన చోట కాంకియోలిన్ అనే పదార్థం పేరుకుపోతే వచ్చే మచ్చ అది. దానికి కారణమైన బ్యాక్టీరియాను చాలాకాలం వీపీ1 అనే కోడ్‌తోనే పిలిచారు. విబ్రియో టేపెటిస్ అన్న పేరు 1996లో ఖాయమైంది. కల్చర్ చేతిలో ఉన్నా, అది తెలిసిన జాతులేవీ కాదని తేల్చి పేరు పెట్టేసరికి తొమ్మిదేళ్లు గడిచాయి.

ప్రశ్న: మా ప్రాజెక్టుకు గుల్లల నుంచి విబ్రియోలు వేరుచేయాలి. శాంపిల్ నుంచి స్వచ్ఛమైన కల్చర్ దాకా ఏం చేయాలో కొలతలతో చెప్పండి.
(ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం. ఇదే అడిగినవారు కాకినాడ, నెల్లూరు నుంచి ఇంకో ముగ్గురు)

ఒకే చోటు నుంచి కనీసం 10 గుల్లలు, బతికున్నవి తీసుకోండి. నోరు తెరిచి, తట్టినా మూసుకోని దాన్ని పక్కన పడేయండి. ఐస్ బాక్సులో తెచ్చేటప్పుడు ఐస్ గుల్లలకు నేరుగా తగలకూడదు. కరిగిన మంచినీళ్లు చిప్పల్లోకి దిగితే ఉప్పు లేనిదే బతకని బ్యాక్టీరియా దారిలోనే చచ్చిపోతుంది. మధ్యలో అట్టో తడిగుడ్డో వేయండి. అదే రోజు పని మొదలుపెట్టడం మంచిది.

చిప్పను బ్రష్‌తో రుద్ది, స్టెరైల్ సముద్రపు నీటితో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. కాల్చి చల్లార్చిన కత్తితో కండరం కోసి తెరవండి. మాంసం 10 గ్రాములు తూచి 90 మిల్లీలీటర్ల స్టెరైల్ సముద్రపు నీటిలో వేసి నలిపితే పదో వంతు పలచన వస్తుంది. అందులోంచి 1 మిల్లీలీటరు తీసి 9 మిల్లీలీటర్లలో కలుపుతూ పదివేలో వంతు దాకా వెళ్లండి. ఒక్కో దాన్నుంచి 0.1 మిల్లీలీటరు ప్లేటు మీద పరవండి. వెయ్యో వంతు ప్లేటులో 85 కాలనీలు వచ్చాయనుకోండి: పోసింది 0.1 మిల్లీలీటరే కాబట్టి 85ని పదివేలతో గుణించాలి, అంటే గ్రాముకు 8.5 లక్షలు. వెయ్యితో గుణించి ఊరుకోవడం రికార్డు పుస్తకాల్లో ఏటా కనిపించే తప్పు.

ప్లేట్లు రెండు రకాలు పెట్టండి. ఒకటి సముద్రపు బ్యాక్టీరియా కోసం చేసిన మీడియా మెరైన్ అగర్ 2216, లీటరుకు దాదాపు 55 గ్రాముల పొడి, 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్. రెండోది విబ్రియోలను ఏరడానికి వాడే మీడియా టీసీబీఎస్, లీటరుకు సుమారు 89 గ్రాములు. దీన్ని మరిగించి కరిగించాలి గానీ ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. టీసీబీఎస్ ఒక్కటే చాలనుకుంటే కొత్త జాతుల వేట అక్కడితో ఆగిపోతుంది. ఆ మీడియాలో పైత్య లవణాలున్నాయి, పీహెచ్ 8.6, ఉప్పు 1 శాతమే. ఆసుపత్రి శాంపిళ్లలో కలరా లాంటివి పట్టడానికి అది బాగా పనికొస్తుంది. సముద్రంలో పుట్టి పెరిగిన సున్నితమైన విబ్రియోలు చాలావరకు దాని మీద మొలవవు. ఎవరూ చూడనివి ఉండేదేమో వాటిలోనే.

వేడి 25 డిగ్రీలు పెట్టండి, 37 వద్దు. రెండో రోజు ఒకసారి, ఏడో రోజు దాకా రోజూ చూడండి. కాలనీలు ఎంచుకునేటప్పుడు అందంగానో వింతగానో ఉన్నవాటి మీదికి చెయ్యి పోతుంది. అలా కాకుండా ప్లేటు వెనక స్కెచ్‌పెన్‌తో ఒక ముక్క గీసుకుని ఆ ముక్కలో ఉన్నవన్నీ తీయండి, 20 నుంచి 30 దాకా. వేరువేరు జాతులు ఒకే రకం లేతగోధుమ కాలనీలుగా కనిపించడం విబ్రియోల్లో మామూలే.

ఒక్కోదాన్ని మెరైన్ అగర్ మీద మూడుసార్లు గీయాలి, ప్రతిసారీ విడిగా ఉన్న ఒకే కాలనీ నుంచి. విబ్రియో ఆల్జినోలిటికస్ లాంటివి ప్లేటంతా పొరలా పాకి పక్కవాటిని కప్పేస్తాయి. వాటి బెడద ఉంటే ప్లేట్లను ముందే బాగా ఆరబెట్టి, 24 గంటలకే కాలనీలు ఏరుకోండి. స్వచ్ఛమని తేలాక మెరైన్ బ్రోత్‌లో 20 శాతం గ్లిసరాల్ కలిపి మైనస్ 80లో దాచండి, ఒకే ఫ్రీజర్‌లో కాదు, రెండింటిలో. కరెంటు పోయిందని, కంప్రెసర్ పాడైందని ఐసోలేట్లు, అంటే ఇలా వేరుచేసిన కల్చర్లు, పోగొట్టుకున్న థీసిస్‌లు మన దగ్గర కొదవేం కాదు.

ప్రశ్న: నా ఐసోలేట్ 16ఎస్ సీక్వెన్స్ మూడు విబ్రియో జాతులతో 99.3 శాతం కలుస్తోంది. మూడింటిలో ఏదీ కాకపోతే కొత్తదనుకోవచ్చా? ఇంకో సంగతి: గ్రాఫ్‌లో ఒక చోట నుంచి శిఖరాలు రెండేసి వస్తున్నాయి. కల్చర్ కలుషితమైందా?
(పరిశోధక విద్యార్థి, కాకినాడ)

రెండో సంగతి ముందు చూద్దాం. కంగారు పడకండి, కలుషితం కాకపోవచ్చు. బ్యాక్టీరియాను గుర్తుపట్టడానికి ముందుగా చదివించే ఈ 16ఎస్ జన్యువు విబ్రియోల్లో ఒక్క ప్రతి కాదు, విబ్రియో పారాహీమోలిటికస్ అనే జాతిలో 11 ప్రతులున్నాయి. అన్నీ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఒక ప్రతిలో ఒక్క బేసు, అంటే ఒక్క డీఎన్ఏ అక్షరం, అదనంగా ఉంటే, ఆ చోటు దాటిన దగ్గర్నుంచి రెండు రాతలు ఒకదాని మీద ఒకటి పడి శిఖరాలు జంటగా కనిపిస్తాయి. తేల్చుకోవడం తేలిక. రెండో చివర నుంచి చదివించండి. ఆ చోటు వరకూ శుభ్రంగా వచ్చి అక్కడే గజిబిజి మొదలైతే ప్రతుల తేడా. మొదటి బేసు నుంచే గజిబిజి అయితే మళ్లీ గీసి కల్చర్‌ను శుద్ధి చేయాలి. అసలు 16ఎస్‌ను ఒకవైపు నుంచే చదివించడం తప్పు. ఒక్క రీడింగులో నమ్మదగినవి 700, 800 బేసులు. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లతో వచ్చే 1,450 బేసుల ముక్కకు రెండువైపులా చదవాలి.

ఇక శాతం. 98.65 కంటే తక్కువ వస్తే కొత్త జాతి అయ్యే అవకాశం గట్టిగా ఉంది. ఎక్కువ వస్తే అదే జాతి అని అర్థం కాదు, ఈ పరీక్ష ఏమీ తేల్చలేదని అర్థం. ఈ రెండో సగాన్ని అందరూ మరిచిపోతారు. మీ 99.3 శాతం అంటే 1,450లో పది బేసుల తేడా. విబ్రియో హార్వేయీ, క్యాంప్‌బెల్లీ రెండూ వేరువేరు జాతులే అయినా 16ఎస్‌లో 99 శాతం పైనే కలుస్తాయి. స్ప్లెండిడస్ గుంపులో అయితే డజను పైగా జాతులు ఇలా భుజాలు రాసుకుంటూ ఉంటాయి.

మీరు పోల్చింది దేనితో అన్నది కూడా చూసుకోండి. అందరూ సీక్వెన్స్‌లు పంపే జెన్‌బ్యాంక్‌లో బ్లాస్ట్ చేస్తే, అంటే పోలికలు వెతికితే, పైన వచ్చే పేరు, ఆ సీక్వెన్స్ పంపినవాళ్లు తాము అనుకుని రాసిన పేరు. అది తప్పయితే మీ జవాబూ తప్పే. ఈజ్‌బయోక్లౌడ్ అనే డేటాబేస్‌లో టైప్ స్ట్రెయిన్లతో, అంటే ఆ జాతికి మూలరూపంగా భద్రపరిచిన కల్చర్లతో, పోల్చుకోండి.

తర్వాతి మెట్టు, కణం బతకడానికి తప్పనిసరైన ప్రోటీన్ జన్యువులు: పైఆర్‌హెచ్, రెక్ఏ, ఆర్‌పీఓఏ, ఆర్‌పీఓడీ, ఏటీపీఏ, గైర్‌బీ. వీటిలో నాలుగైదు చదివించి, ఒకదానికొకటి అతికించి వంశవృక్షం గీయండి. 16ఎస్‌లో పది బేసులే తేడా ఉన్నచోట ఇక్కడ వందల్లో వస్తుంది. మీ ఐసోలేట్లన్నీ దగ్గరి జాతుల నుంచి విడిపోయి ఒక కొమ్మగా నిలబడి, ప్రతి జన్యువుకూ విడిగా గీసిన వృక్షంలోనూ దాదాపు అలాగే వస్తే అప్పుడు జీనోమ్‌కు డబ్బు పెట్టండి. ఒక జన్యువు ఒక జాతి పక్కన, ఇంకోటి మరో జాతి పక్కన నిలబడితే, విబ్రియోలు పక్కవాటితో జన్యువులు మార్చుకుంటాయన్న సంగతి గుర్తుచేసుకుని ఆగండి.

ప్రశ్న: రొయ్యల చెరువు నీళ్లు టీసీబీఎస్ మీద వేసినప్పుడు ఆకుపచ్చ కాలనీలు వస్తే ప్రమాదమని, పసుపు వస్తే ఫర్వాలేదని రైతులకు చెబుతున్నాం. కొత్త జాతులు వస్తే ఈ లెక్క మారుతుందా?
(ల్యాబ్ టెక్నీషియన్, భీమవరం)

పాత జాతులకే ఆ లెక్క సరిగ్గా కుదరదు. ఆ రంగు చెప్పేది ఒక్కటే: ఆ బ్యాక్టీరియా సుక్రోజ్‌ను, అంటే మనం వాడే పంచదారను, పులియబెట్టిందా లేదా. పులియబెడితే ఆమ్లం పుట్టి పసుపు, లేకపోతే పచ్చ. హార్వేయీలో పసుపూ ఉంటుంది, పచ్చా ఉంటుంది. రొయ్య హెపటోపాంక్రియాస్‌ను (జీర్ణగ్రంథిని) దెబ్బతీసే ఏహెచ్‌పీఎన్‌డీ జబ్బు, అదే మీ రైతులు ఈఎంఎస్ అనేది, సుమారు 70 వేల బేసుల ప్లాస్మిడ్ (విడిగా ఉండే డీఎన్ఏ వలయం) మీద ఉండే పిర్‌ఏ, పిర్‌బీ విష జన్యువుల వల్ల వస్తుంది. ఆ ప్లాస్మిడ్ పారాహీమోలిటికస్‌లోనే కాదు, క్యాంప్‌బెల్లీ, ఓవెన్సీ, హార్వేయీల్లోనూ దొరికింది. ఆ పని మీద వచ్చినవాళ్లకు జాతి పేరు కాదు, ఆ రెండు జన్యువులకు పీసీఆర్ చేసి చెప్పండి. రంగుల లెక్క ఒకే చెరువులో వారం వారం ఏం పెరుగుతోందో గమనించడానికి పనికొస్తుంది, అంతవరకే.

ప్రశ్న: ఏపీఐ స్ట్రిప్ (రసాయన పరీక్షల గుంతలున్న పట్టీ) పెడితే దాదాపు అన్ని గుంతలూ నెగెటివ్. రెండుసార్లు చేసినా అంతే. స్ట్రిప్ పాడైందా?
(పరిశోధక విద్యార్థిని, గుంటూరు)

స్ట్రిప్ కాదు, మీరు కలిపిన నీళ్లు. కంపెనీ కాగితంలో రాసిన 0.85 శాతం సెలైన్ ఆసుపత్రి బ్యాక్టీరియా కోసం. మీ విబ్రియోకు 2 శాతం ఉప్పు నీళ్లు వాడండి, 25 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచండి. ఏపీఐ 20 ఎన్ఈలో పోషకాల గుంతలకు వాడే ద్రవానికి కూడా ఉప్పు కలపాలి, దాన్ని వదిలేస్తే కుడివైపు సగం మొత్తం ఖాళీగానే ఉంటుంది.

లైసిన్, ఆర్నిథిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల పరీక్షలదీ ఇదే కథ. మోలర్ మీడియాలో 1 నుంచి 2 శాతం ఉప్పు వేసి, పైన మినరల్ ఆయిల్ పోసి, అమైనో ఆమ్లం లేని ట్యూబు ఒకటి తోడు పెట్టండి. మొదట అన్నీ పసుపుకు తిరుగుతాయి. ఆ తర్వాత బ్యాక్టీరియా అమైనో ఆమ్లాన్ని విరిచిన ట్యూబులు ఊదాకు వస్తాయి. తోడు ట్యూబు పసుపుకు తిరగలేదంటే బ్యాక్టీరియా పెరగనే లేదు. అప్పుడు మిగతా ట్యూబుల ఊదా రంగు పాజిటివ్ కాదు, మీరు పోసినప్పటి రంగే. పారాహీమోలిటికస్ టైప్ స్ట్రెయిన్‌ను పక్కన పెట్టండి. దానికి ఆర్జినిన్ నెగెటివ్, లైసిన్, ఆర్నిథిన్ పాజిటివ్ రావాలి. రాకపోతే ఆ రోజు ఫలితాలన్నీ కొట్టేయండి.

ఆక్సిడేజ్ టెస్టుకు టీసీబీఎస్ మీది కాలనీ తీయకండి, నైక్రోమ్ లూప్ వాడకండి. రెండూ తప్పు జవాబిస్తాయి. గ్రామ్ స్టెయిన్ మీద అనుమానం వస్తే 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో కాలనీ కలిపి అర నిమిషంలో లూప్ ఎత్తి చూడండి. పాకం తీగలా సాగితే గ్రామ్ నెగెటివ్.

కొత్త జాతి ప్రతిపాదించాలంటే ఈ పరీక్షలన్నీ మీ స్ట్రెయిన్లకూ, దగ్గరి జాతుల టైప్ స్ట్రెయిన్లకూ ఒకే రోజు, ఒకే మీడియాలో పెట్టాలి. పుస్తకంలో రాసిన ఫలితం తీసుకొచ్చి మీ పట్టికలో అతికిస్తే సమీక్షకులు మొదట పట్టుకునేది దాన్నే. ఫ్యాటీ యాసిడ్ల పరీక్షకు ఇది మరీ ముఖ్యం. పెంచిన వేడి నాలుగు డిగ్రీలు మారినా నిష్పత్తులు మారిపోతాయి.

ప్రశ్న: దగ్గరి జాతితో మా జీనోమ్ ఏఎన్ఐ 95.4, డిజిటల్ డీడీహెచ్ 63 శాతం. ఏది నమ్మాలి?
(బయోఇన్ఫర్మాటిక్స్ విద్యార్థి, హైదరాబాద్)

రెండూ ఒకే మాట చెబుతున్నాయి, మీరు గీత మీద నిలబడ్డారని. ఏఎన్ఐ అంటే రెండు జీనోమ్‌ల బేసులు సగటున ఎంత శాతం కలుస్తాయన్నది. దానికి హద్దు ఒక అంకె కాదు, 95 నుంచి 96 మధ్య. డీడీహెచ్‌కు 70. ఇది 1987లో, రెండు బ్యాక్టీరియాల డీఎన్ఏలను నిజంగానే కలిపి ఎంత అతుక్కుంటాయో చూసే రోజుల్లో ఖాయం చేసిన అంకె. ఇప్పటి కంప్యూటర్ లెక్కలు దానికి సరిపోయేలా కట్టినవే.

ముందు మీ జీనోమ్‌ను అనుమానించండి. విబ్రియో జీనోమ్ సుమారు 50 లక్షల బేసులు. 50 రెట్ల కవరేజీ (ప్రతి బేసునూ సగటున 50 సార్లు చదవడం) కావాలంటే 25 కోట్ల బేసులు, అంటే 150 బేసుల జంట రీడ్లు ఎనిమిది లక్షల జతల పైన. జీనోమ్ నాణ్యత చూసే చెక్‌ఎం ప్రోగ్రాం పెడితే పూర్తితనం 95 శాతం దాటాలి, కలుషితం 5 లోపు ఉండాలి. జీనోమ్‌లో వచ్చిన 16ఎస్, మీరు ముందు విడిగా చదివించిన 16ఎస్ ఒకటేనా చూడండి. ట్యూబుల మీద లేబుళ్లు తారుమారైతే బయటపడేది ఇక్కడే. డిజిటల్ డీడీహెచ్‌లో మూడు సూత్రాలిస్తారు. ముక్కలుగా ఉన్న జీనోమ్‌కు రెండోదే చూడాలి, అది జీనోమ్ పొడవు మీద ఆధారపడదు.

అన్నీ సరిగ్గా ఉంటే నిర్ణయం మీది, మీ గైడుది. మా అభిప్రాయం అడిగారు కాబట్టి: ఒకే ఒక స్ట్రెయిన్ మీద, ఈ అంకెలతో, కొత్త జాతి ప్రకటించడం తొందరపాటు. వేరువేరు గుల్లల నుంచి, వీలైతే వేరువేరు కాలాల్లో తీసిన మూడు నాలుగు స్ట్రెయిన్లు ఇదే కొమ్మ మీద నిలబడి, తమలో తాము 98 పైన కలిసి, పక్క జాతితో అన్నీ 95.5 దగ్గరే ఆగిపోతే మాట మారుతుంది. ఒకే గుల్ల నుంచి తీసిన పది ఐసోలేట్లు పది కావు. అవి ఒకే కణం పిల్లలు కావచ్చు.

ప్రశ్న: మాల్డీ టోఫ్ యంత్రం ఉంది కదా, ఇదంతా ఎందుకు?
(డిగ్రీ విద్యార్థి, తిరుపతి)

బ్యాక్టీరియా ప్రోటీన్ల బరువులు చూసి జాతిని చెప్పే ఆ యంత్రం తన జాబితాలో ఉన్న ముఖాల్నే గుర్తుపడుతుంది. జాబితాలు ఎక్కువగా ఆసుపత్రుల కోసం కట్టినవి. స్కోరు 2.0 దాటితే జాతి, 1.7 నుంచి 2.0 లోపు అయితే ప్రజాతి వరకే నమ్మాలి. వంద ఐసోలేట్లలో ఒకేలా ఉన్నవాటిని గుంపులు కట్టి, గుంపుకొకటి సీక్వెన్సింగ్‌కు పంపడానికి మాత్రం అది బాగా కలిసొస్తుంది.

ప్రశ్న: కొత్త జాతికి మా ఊరి పేరు పెట్టొచ్చా? ఏ ఏ అనుమతులు కావాలి?
(అడిగినవారు చాలామంది)

పెట్టొచ్చు. లాటిన్ తొడుగు వేయాలంతే. విబ్రియో పుంలింగం కాబట్టి ఊరి పేరుకు 'ఎన్సిస్' చేరుతుంది. గలీసియాలోని కోర్టెగాడా ద్వీపం మీద విబ్రియో కోర్టెగాడెన్సిస్ వచ్చినట్టు. స్త్రీ పేరు మీద పెడితే చివర 'ఏ' కారం: చేపల బ్యాక్టీరియా మీద పనిచేసిన శాస్త్రవేత్త అలీసియా టొరాంజో పేరున విబ్రియో టొరాంజోనియే. బ్రియోగానీలో ఉన్నది గలీసియా పురాణగాథల రాజు బ్రియోగాన్. మనవాళ్లూ ఇందులో తక్కువేం తినలేదు. హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్‌లో దొరికిన బ్యాక్టీరియాకు 2009లో ఇస్రో పేరున బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, ఆర్యభటుడి పేరున బాసిల్లస్ ఆర్యభట్టై అని పెట్టారు. ఎవరి పేరు వాళ్లే పెట్టుకోవడం మాత్రం మర్యాద కాదు.

పేరు చెల్లాలంటే టైప్ స్ట్రెయిన్‌ను రెండు వేరువేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో దాచి, అడిగినవాళ్లకు ఇస్తామన్న ధ్రువపత్రాలు తెచ్చుకోవాలి. అప్పుడే అంతర్జాతీయ సిస్టమాటిక్ బ్యాక్టీరియాలజీ పత్రికలో అచ్చవుతుంది, లేదా వేరేచోట అచ్చయినా ఆ పత్రిక జాబితాకెక్కుతుంది. మనకు చండీగఢ్‌లో ఎంటీసీసీ, పుణెలో ఎన్‌సీఎంఆర్ ఉన్నాయి. రెండోది పరదేశంలో కావాలి: బెల్జియం ఎల్ఎంజీ, స్పెయిన్ సీఈసీటీ, జర్మనీ డీఎస్ఎంజెడ్, జపాన్ జేసీఎం లాంటివి. అక్కడే చిక్కు. మన జీవవైవిధ్య చట్టం కింద సూక్ష్మజీవి కూడా దేశ సంపదే, బయటికి పంపే ముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు దాటాలి. ఫారాలు మారుతుంటాయి, వాళ్ల వెబ్‌సైట్‌లో తాజావి చూడండి. పరిశోధనపత్రం రాయడం మొదలుపెట్టకముందే దరఖాస్తు పెట్టండి. పత్రం పూర్తయ్యాక పెడితే కాగితం వచ్చేలోగా అదే జాతికి ఇంకెవరో పేరు పెట్టేయొచ్చు.

ప్రశ్న: మసెల్స్, క్లామ్స్ తెచ్చి వండుతుంటాం. వాటిలో రోజుకో కొత్త బ్యాక్టీరియా అంటుంటే భయమేస్తోంది.
(గృహిణి, న్యూజెర్సీ)

మన తీరంలో గుల్లలంటే కూర కంటే ముందు సున్నం గుర్తొస్తుంది గానీ, మీ దగ్గర అవి వారపు వంటే. పైన చెప్పిన జాతులు గుల్లలతో సహవాసం చేసేవి. కొత్తగా పేరు వచ్చిందంటే కొత్తగా పుట్టిందని కాదు. మనుషులకు ఇబ్బంది పెట్టేవి పాతవాళ్లే: పారాహీమోలిటికస్, వల్నిఫికస్. పచ్చిగా తినకండి. మూసుకోనివి వండకముందే తీసేయండి. నీళ్లు మరుగుతుండగా వేసి, నోళ్లు తెరుచుకున్నాక ఇంకో 3 నుంచి 5 నిమిషాలు మరగనివ్వండి. ఉడికినా తెరుచుకోనిదాన్ని పారేయండి. కాలేయ జబ్బు ఉన్నవాళ్లు పచ్చి ఆయిస్టర్ల జోలికే పోకూడదు.

ప్రశ్న: హేచరీలో లార్వాలు చచ్చిపోయిన ట్యాంకు నుంచి తీసిన బ్యాక్టీరియా కొత్త జాతి అని తేలింది. చంపింది అదేనని రాయొచ్చా?
(హేచరీ మైక్రోబయాలజిస్టు, నెల్లూరు)

చచ్చినదాని మీద పెరిగినదానికీ, చంపినదానికీ తేడా ఉంది. ట్యాంకులో లార్వా చచ్చిన కొన్ని గంటలకే విబ్రియోలు విందుకు చేరతాయి. ప్లేటు మీద ఎక్కువగా వచ్చింది ఆఖరున వచ్చిన అతిథి కావచ్చు.

పేరు తప్పితే ఏమవుతుందో అమెరికా ఆయిస్టర్ హేచరీలు చూశాయి. ట్యూబియాష్ అనే శాస్త్రవేత్త 1965లో గుల్లల లార్వాల జబ్బును వివరించాడు. ఆయన పేరునే 1984లో విబ్రియో ట్యూబియాషీ అన్న జాతి వచ్చింది. 2000 తర్వాతి దశకంలో పసిఫిక్ తీరపు హేచరీల్లో లార్వాలు కుప్పలుగా చచ్చినప్పుడు నింద దాని మీదే పడింది. 2013, 2014ల్లో ఆ స్ట్రెయిన్ల జన్యువులను మళ్లీ చూస్తే, పరిశోధనల్లో ఎక్కువగా వాడిన ఆర్ఈ22, ఆర్ఈ98 రెండూ ట్యూబియాషీ కావు, పగడాల జబ్బుతో పేరుపడిన విబ్రియో కోరలీలిటికస్ అని తేలింది. ట్యూబియాషీని పట్టడానికని ఆ స్ట్రెయిన్ల మీద తయారుచేసిన పరీక్ష దేన్ని పడుతోందో ఆలోచించండి.

మీరు చేయాల్సింది ఇది. మెరైన్ అగర్ మీద 24 గంటలు పెంచిన కల్చర్‌ను స్టెరైల్ సముద్రపు నీటితో రెండుసార్లు కడగండి. కడగకపోతే మీడియాలోని పెప్టోనే నీటిని పాడుచేసి లార్వాలను చంపుతుంది, మీరు బ్యాక్టీరియా అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న బ్యాచ్ లార్వాలను మూడేసి బీకర్లలో పెట్టి, మిల్లీలీటరుకు పదివేలు, లక్ష చొప్పున రెండు మోతాదులు ఇవ్వండి. పక్కన ఏమీ కలపని బీకర్లు, వేడితో చంపిన అదే బ్యాక్టీరియా కలిపిన బీకర్లు, హాని చేయదని తెలిసిన మరో విబ్రియో కలిపిన బీకర్లు ఉండాలి. 24, 48 గంటలకు లెక్కపెట్టండి. ఏమీ కలపనివాటిలోనూ ఎక్కువగా చచ్చిపోతే ఆ రోజు ప్రయోగం లెక్కలోకి రాదు.

కలిపినవాటిలోనే చచ్చిపోతే, అప్పుడే పడిపోయిన లార్వాలను ఏరి, కడిగి, నలిపి మళ్లీ ప్లేటు వేయండి. వచ్చిన కాలనీ మీరు పోసినదేనా అన్నది రంగు చూసి కాదు, ఆర్‌పీఓడీ జన్యువు చదివించి తేల్చండి. అది కూడా కుదిరితే అప్పుడు రాయండి. ప్రయోగం నీళ్లను క్లోరిన్ వేసి ఒక పూట ఉంచాకే కాలవలోకి వదలండి. మీ హేచరీ ఇన్‌లెట్ పైపు ఉన్నదీ ఆ నీళ్లు చేరే సముద్రంలోనే.